పాట నాపిన పాటగాండ్రు

సంగీతమన నెట్లుండవలెనో మాకు చిన్ననాటనుండి యొక నిశ్చయాభిప్రాయము గలదు. శ్రుతి యుండవలెను; లయ యుండవలెను; వినువాని మనస్సు చల్లబడవలెను. కావున కొన్ని యేండ్ల క్రిందట మా మేనల్లుడు గది తలుపు వేసికొని ఫుగాజీ యను అమెరికా బృందమువారి పాటలు వినుచుండగా, మేము తలుపు తట్టి, "ఏమిరా యీ గోల? ఇత్తడిగిన్నెలు మెట్లమీదనుండి దొర్లుచున్నవా?" అని యడిగితిమి. వాడు నవ్వి, "మామయ్యా! ఒక్క పావుగంట కూర్చుండి వినుడు" అనెను. కూర్చుంటిమి. ఆ పావుగంట యిప్పటికిని ముగియలేదు.

ఫుగాజీ వాషింగ్టను నగరమున పుట్టిన నలుగురి బృందము. తొలి కచేరి 1987 సెప్టెంబరులో జరిగినది. ఇయాన్ మెకై పాడుచు గిటారు వాయించెను. జో లాలీ బేస్ గిటారును, బ్రెండన్ కాంటీ డ్రమ్ములును వాయించిరి. పాడుటకు మాత్రమే చేరిన గీ పిచ్చొటో తరువాత తానును గిటారు చేతబట్టెను. బృందము పేరు వియత్నాం యుద్ధమునాటి అమెరికా సైనికుల మోటుమాట. మిక్కిలి చెడిన స్థితి యని దాని తాత్పర్యము.

మేము గోల యనుకొన్నది గోల కాదని తెలిసికొనుటకు నెలదినములు పట్టెను. ఈ సంగీతమున రెండు గిటార్లు ఒకదానికొకటి వంత పాడవు; ఇద్దరు బుద్ధిమంతులు వాదించుకొన్నట్లు ఒకటి యన్నదానికి రెండవది బదులు చెప్పును. వాని క్రింద బేస్ గిటారు నేలవలె నిలుకడగా నుండును. "వెయిటింగ్ రూమ్" అను పాటలో మొదట బేస్ గిటారు ఒంటరిగా బయలుదేరును. తక్కినవి వచ్చి కలియును. వినువాడు ఊపందుకొనునంతలో నలుగురును ఒక్కసారిగా ఆగిపోవుదురు. కొన్ని క్షణములు నిశ్శబ్దము. మరల నందరును ఒక్కదెబ్బగా నందుకొందురు. గట్టిగా వాయించుట పలువురికి వచ్చును; కలిసి యాగుట కొందరికే వచ్చును.

అయినను, సంగీతము మాత్రమే యైనచో మేమీ వ్యాసము వ్రాయకపోదుము. వారి నడవడి మమ్ము మరింత పట్టుకొన్నది. మెకై తన స్నేహితుడగు జెఫ్ నెల్సనుతో గూడి 1980లో డిస్కార్డ్ అను చిన్న రికార్డుల సంస్థను స్థాపించియుండెను. ఫుగాజీవారు దానిని విడువలేదు. 1991లో నిర్వాణ బృందమువారి రికార్డు పెద్ద కంపెనీ ద్వారా వెలువడి లక్షలకొలది యమ్ముడుపోయిన పిమ్మట, స్వతంత్ర బృందముల గుమ్మములయొద్ద కంపెనీల మనుష్యులు తిరుగజొచ్చిరి. ఫుగాజీవారు ఎవరికిని లొంగలేదు. వారికి మేనేజరు లేడు. తమ పేరు వేసి చొక్కాలు అమ్ముకొనలేదు. మద్యము, పొగాకు ప్రకటనలతో పొట్టపోసికొను పత్రికలతో ముచ్చటింపలేదు.

కచేరి టిక్కెట్టు వెల సాధారణముగా 5 డాలర్లు. ఇది బేరము కాదు, సిద్ధాంతము. అమెరికాలో 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. పాటల క్లబ్బులు పెక్కింటికి లాభము పాటవలన గాక పానమువలన వచ్చుచుండుటచే, చిన్నవారిని గుమ్మమువద్దనే యాపుట యాచారము. అన్ని వయస్సులవారిని రానీయుడు, లేకున్న మేము రాము, అని ఫుగాజీవారు పట్టుబట్టిరి. పదునైదేండ్ల పిల్లవాడు తన చేతిఖర్చుతో వచ్చి మంచినీరు త్రాగుచు వినగల కచేరి వారికి కావలసియుండెను.

వీరు ముక్కు మూసికొన్న సన్న్యాసులని చదువరులు భ్రమపడరాదు. జెమ్ కోహెన్ తీసి 1999లో వెలువరించిన "ఇన్‌స్ట్రుమెంట్" అను చలనచిత్రమున, పిచ్చొటో బాస్కెట్‌బాలు వలయములో కాళ్లు దూర్చి తలక్రిందుగా వ్రేలాడుచు పాడెను. మా గృహిణి అది చూచి, "మీకు మర్యాద నేర్పుచున్న మహానుభావుడు ఈయనయేనా?" యని యడిగినది. మేము మాటలాడలేదు.

వారిని కన్నులార చూచు భాగ్యము మాకు గలుగలేదు. వెయ్యికి పైగా కచేరీలు చేసిన తరువాత 2003లో ఆ బృందము విరామము పుచ్చుకొనెను. అయితే ఆ కచేరీలలో 800కు పైగా రికార్డు చేయబడియుండెను. 2011 మొదలు వానిని ఇంటర్నెట్టు ద్వారా అందరికిని అందించుచు వచ్చిరి. వారు సూచించిన వెల అక్కడను 5 డాలర్లే. మా మేనల్లుడు అట్టి రికార్డులనే మాకు వినిపించెను.

వానిలో మాకు విచిత్రముగ దోచినది పాటలు కాదు, పాటల నడుమ మాటలు. ఇట్టి కచేరీలలో ముందువరుసలోని యువకులు ఒకరినొకరు త్రోసికొనుచు గెంతుట వాడుక. బలవంతునకు అది యాట. బక్కవానికి, ఆడపిల్లకు అది గోడకు నొదిగి నిలువవలసిన గతి. ఫుగాజీవారు దానిని చూచియు చూడనట్లుండలేదు. ఎవడైన మరియొకని కొట్టుచున్నచో పాట నాపివేయుదురు. వానిని "అయ్యా" యని మర్యాదగానే పిలిచి, మానుమని కోరుదురు. మాననిచో టిక్కెట్టు సొమ్ము 5 డాలర్లు కవరులో బెట్టి చేతికిచ్చి వెలుపలికి సాగనంపుదురు. కచేరికి వచ్చి నీతిబోధ వినవలెనా యని విసిగికొన్నవారును లేకపోలేదు. మేమును మొదట వినోదముగానే వింటిమి. ఆ కవరు సంగతి విన్ననాడు మాత్రము మా నవ్వు నోటనే యాగిపోయినది.

దానికి కారణము చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను చెప్పెదము.

అంతకు నాలుగేండ్ల క్రిందట మా పెద్దకుమార్తె వివాహమైనది. ఎదురుకోలునాటి రాత్రి బ్యాండుమేళము ముందు మగపెండ్లివారి పడుచువాండ్రు కొందరు త్రాగి గంతులు వేయుచుండిరి. మా మేనకోడలు గుంపులోనుండి వచ్చి, "మామయ్యా! వారిలో నొకడు నా చేయి పట్టి లాగినాడు. మేళము నాపించి వానిని పంపివేయుడు" అనెను. మేము ఆమె మొగము చూడక వియ్యంకునిగారి మొగము చూచితిమి. "పెండ్లివారమ్మా! ఇప్పుడు రచ్చ యేల? నీవు లోనికి బోయి మీ అత్తయ్యవద్ద కూర్చుండుము" అంటిమి. ఆమె మారుపలుకక లోనికి బోయెను. మేళము మ్రోగుచునేయుండెను. తప్పు చేసినవాడు వీధిలో నిలిచెను. తప్పు చేయనిది గదిలో కూర్చుండెను. ఈ యేర్పాటు చేసినవారము మేమే.

ఫుగాజీవారి 1988నాటి మొదటి రికార్డులో "సజెషన్" అను పాట యున్నది. వీధిలో నిశ్చింతగ నడువనోచుకొనని స్త్రీ తన బాధను చెప్పుకొన్నట్లుగా మెకై దానిని పాడెను. పురుషుడు స్త్రీ గొంతు తెచ్చికొనుట యేల యను ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ పాట బాధ చెప్పి యూరకుండదు. చేయివేసినవానినే కాక, చూచి యూరకున్నవారినందరిని తుదకు దోషులలో జేర్చును. మేమది వినునప్పుడు మా మేనకోడలు అదే గదిలో బట్టలు మడతపెట్టుచుండెను. ఆమె తల యెత్తలేదు. మేమును ఎత్తలేకపోతిమి.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట ఆమెను పిలిచి, "ఆనాడు మేము చేసినది తప్పమ్మా" అంటిమి. ఆమె కొంతసేపూరకుండి, "నాలుగేండ్లకు జ్ఞాపకము వచ్చినదా మామయ్యా?" యనెను. క్షమించితిననలేదు. మేము అడుగనులేదు.

అప్పటినుండి మేము ఆలోచించిన దొక్కటి. ఆ నలుగురు పాట నేల యాపగలిగిరి? మేము మేళము నేల యాపలేకపోతిమి? వారు మాకంటె ధైర్యవంతులని చెప్పి తప్పించుకొనవచ్చును గాని, అది పూర్తి నిజము కాదు. వారి ధైర్యమునకు వెల కట్టియున్నది. అది 5 డాలర్లు. వారు కంపెనీకి ఋణపడలేదు, పానశాలకు ఋణపడలేదు, వినవచ్చినవానికిని ఋణపడలేదు, వాని సొమ్ము వానికి తిరిగి యీయగలరు. అల్పమైన వెల పుచ్చుకొన్నవాడు ఆ వెల వదలుకొనుటకు జంకడు. మేమో, మగపెండ్లివారి ప్రసన్నతను మా యిల్లమ్మి కొన్నవారివలె కొనియుంటిమి. దానిని పోగొట్టుకొనుటకు భయపడితిమి. తక్కువ వెలయు, స్వతంత్రమును వారికి వ్యాపారపు పట్టుదలలు కావు. నోరు తెరచుటకు వారు ముందుగా చేసికొన్న సన్నాహము.

గత మాఘమున మా రెండవకుమార్తె వివాహము జరిగినది. మేళము అట్టిదే, మగపెండ్లివారి పడుచువాండ్రును అట్టివారే. ఇద్దరు యువకులు త్రాగి ఆడపిల్లల మీదికి తూలుట చూచితిమి. ఈసారి వియ్యంకునిగారి మొగము చూడలేదు. మేళపు పెద్దకు ఎదురుగా నడచి చేయి యెత్తితిమి. డోలు ఆగినది, బాకాలు ఆగినవి. ఆ నిశ్శబ్దములో మా మోకాళ్లు వణకుట మాకు తెలియుచుండెను. "అయ్యా! మీరిద్దరును విడిదికి వెళ్లుడు. మీరు వెళ్లినగాని మేళము సాగదు" అంటిమి. ఎవరో గొణిగిరి. ఎవరో మమ్ము చాదస్తుడనిరి. కొంతసేపటికి వారిద్దరును వెళ్లిపోయిరి.

మేళము మరల మ్రోగెను. అరుగుమీద గోడకు నొదిగి నిలిచియున్న ఆడపిల్లలు ఒకరి వెనుక నొకరు వీధిలోనికి దిగివచ్చిరి. మా మేనకోడలు మా ప్రక్కనుండి పోవుచు, "మామయ్యా! వారి 5 డాలర్లు వారికిచ్చితిరా?" యని యడిగినది. నాలుగేండ్లకు పైగా మేము చూడని నవ్వు ఆమె మొగమున జూచితిమి.

వియ్యంకునిగారు మాతో నేటికిని ముక్తసరిగానే మాటలాడుచున్నారు. ఆ వెల మేము చెల్లింపదగినదే. మేళమును పిలిపించు గృహస్థునకు దాని నాపించు బాధ్యతయు గలదని వాషింగ్టను నగరపు నలుగురు పాటగాండ్రు మాకు నేర్పిరి. వారి పాట నేటికిని మా యింట మ్రోగుచున్నది. మా గృహిణి దానిని నేటికిని ఇత్తడిగిన్నెల చప్పుడనియే యనుచున్నది. అయినను తలుపు మూయుమని మాత్రము చెప్పుట మానివేసినది.