వ్యాయామ గురువు

గోదావరిఖని గనులలో కార్మికులు పనికి పూనుకొనక ముందే మైనింగ్ సర్దార్ పైకప్పును పరీక్షిస్తాడు. వెలికివచ్చిన బొగ్గులో అతని శ్రమ కనబడదు. విద్యాలయాలలోని వ్యాయామ గురువుల జీవితమూ అట్టిదే. పతకం క్రీడాకారునిది, దాని వెనుకనున్న వేకువలు గురువువి.

ఈ వృత్తికి వన్నె తెచ్చిన మహనీయుడు హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన తొలుత బడిపంతులు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో ఆటలు నేర్పారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శిగా, 1950 నుండి భారత జట్టు శిక్షకులుగా సేవలందించారు. ఆయన బోధన విలక్షణమైనది. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో పోటీలు జరిపించేవారు. లోపాన్ని దాచుకొనుట కాదు, దానిచేతనే పని చేయించుట ఆయన నేర్పిన పాఠం.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1962 జకార్తా క్రీడల నాటికి క్యాన్సర్ ఆయన దేహాన్ని క్రుంగదీసింది. ప్రేక్షకులు సైతం మన జట్టును గేలిచేశారు. అయినా ఆయన చలించలేదు. గాయపడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై మనవారు 2-1తో గెలిచారు. అందులో ఒక గోలు జర్నైల్ సింగుదే.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. పతకం ఆయన మెడను అలంకరించలేదు. ఆయన శ్రమ మాత్రం శిష్యుల కాళ్ళలో నిలిచింది. గురువుకు అంతకు మించిన గౌరవమేముంటుంది?