ఊడిరాని బ్యాటరీ

సంతలో వంకాయను సైతము పుచ్చు చూడక యేరనట్టి విద్యావంతులు, బ్యాటరీని ఊడదీయుటకు వీలులేని యంత్రమును మాత్రము, అడుగుభాగమునైనను ఒక్కసారి త్రిప్పి చూడక, వందలకొలది దీనారులు పోసి యెట్లు కొనుచున్నారో యని నేను బహుకాలముగా విస్మయపడుచుంటిని. నిన్నటితో ఆ విస్మయము కోపముగా పరిణమించినది. కువైట్‌లోని మా కార్యాలయమువారు నాకు మహాగౌరవముతో నిచ్చిన క్రొత్త లాప్‌టాప్, రెండవ వేసవి గడవక మునుపే లోపలి బ్యాటరీ యుబ్బి, వ్రేలితో రాచెడి పలకను పైకెత్తి, మూత పడనీయక, మేజాపై నోరు దెఱచుకొని కూర్చున్నది. దానిని పరీక్షింప వచ్చిన యువకుడు అరనిమిషమైనను చూడక, ఇందులో బ్యాటరీ వేఱుగా రాదనియు, కీబోర్డును, దానిని మోయు పైరేకును, బ్యాటరీని ఒక్కటిగా జిగురుతో నంటించినారు గనుక మూడింటిని మార్చవలెననియు, అందుకగు ఖర్చును లెక్కించినచో క్రొత్తది కొనుటయే మేలనియు చెప్పి, చిరునవ్వు నవ్వి వెడలిపోయెను. చెడినది బ్యాటరీ; మార్చవలసినది లాప్‌టాప్! ఈ న్యాయము ఏ ధర్మశాస్త్రమునం దున్నదో నాకు తెలియదు.

నా యింట నున్నది వేఱు జాతి. అది 2018లో వెలువడిన థింక్‌ప్యాడ్ టి480. నేను దానిని క్రొత్తదిగా కొనలేదు. ఏ దూరదేశపు కార్యాలయముననో కొంతకాలము సేవచేసి, విశ్రాంతి లభింపక, చేతులు మారి మారి కువైట్ చేరి, హవల్లీలో ఒక అంగడి బల్లపై నా కంటబడినది. దాని అడుగున రెండు చిన్న గొళ్ళెములు కలవు. వానిని ప్రక్కకు జరిపినచో బ్యాటరీ చేతిలోనికి వచ్చును. ఇంతకు మించిన రహస్యము లేదు. లోపల 24 వాట్-గంటల చిన్న బ్యాటరీ యొకటి స్థిరముగా నుండును. వెలుపల 72 వాట్-గంటల వఱకు గల మఱియొకటి తగిలింపవచ్చును. వెలుపలిది హరించినప్పుడు యంత్రమును ఆర్పకయే దానిని తీసి వేఱొకటి పెట్టుకొనవచ్చును, అంతవఱకు లోపలిది భారము వహించును. మరుసటి యేట వచ్చిన టి490లో ఆ గొళ్ళెములు లేవు. ఈ వంశమునకు మూలపురుషులు 1992లో ఐబీఎం సంస్థనుండి వెలువడిరి. రిచర్డ్ సాపర్ అను జర్మను రూపకర్త, జపానువారు భోజనము సర్దుకొను లక్కపెట్టెను మనసున నుంచుకొని ఆ నల్లని రూపమును కల్పించెనని ప్రసిద్ధి. 2005లో ఐబీఎం ఆ వ్యాపారమును చైనాకు చెందిన లెనోవోకు అప్పగించినను నలుపు పోలేదు, కీబోర్డు నడుమ నున్న ఎఱ్ఱని బొడిపె పోలేదు. బ్యాటరీ మాత్రమే లోపలికి పోయినది.

ఈ బ్యాటరీ సంగతిని నేను ఇంతగా పట్టుకొని వ్రేలాడుటకు కారణము కువైట్ వేసవి. క్రొత్త యంత్రములను చేయువారు తమ కాగితములలో, కంటికి ఆననంత సన్నని యక్షరములతో, దీనిని 10 డిగ్రీలు మొదలు 35 డిగ్రీల వఱకు గల తావున వాడుకొనుడని హితవు చెప్పుదురు. 35 డిగ్రీలట! జూలై మాసమున రాత్రి పది గంటలకు సైతము మా వీథిలో గాలి అంతకన్న వేడిగనే యుండును. ఈ దేశపు వాయవ్యభాగమున మిత్రిబా యను చోట 2016 జూలై 21వ తేదీన 53.9 డిగ్రీల వేడిమి నమోదుకాగా, ప్రపంచ వాతావరణ సంస్థవారు పరిశోధించి అది నిజమేనని ధ్రువీకరించిరి. జూన్ మొదలు ఆగస్టు చివర వఱకు పగలు పదునొకండు గంటలనుండి నాలుగు గంటల దాక ఆరుబయట కూలిపని చేయింపరాదని యిక్కడ శాసనము కలదు. అది మంచి శాసనము, మన జిల్లాలలో ఉపాధిపనికి పోవువారు తలపై తుండుగుడ్డ తప్ప వేఱు శాసన మెఱుగరు. కాని కారులో మఱచిపోయిన లాప్‌టాప్‌కు ఏ శాసనమును లేదు. వేడిమికి బ్యాటరీలోని ద్రావకము విచ్ఛిన్నమై వాయువు పుట్టును. పుట్టినది వెలికి పోవ దారి లేక సంచి యుబ్బును. ఉబ్బుట బ్యాటరీ స్వభావము, దానిపై నాకు కోపము లేదు. ఉబ్బిన దానిని తీసి అవతల పెట్టుటకు యజమానునికి దారి లేకుండ చేసినవానిపైననే నా కోపమంతయు.

ఆ చేసినవాడెవడని విచారింపగా, వేళ్ళు 2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున తేలినవి. ఆనాడు ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ మహాశయుడు సభాముఖమున ఒక కాగితపు కవరును దెఱచి, అందులోనుండి మాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసెను. సభ హర్షధ్వానములతో నిండెను. నేనును తరువాత ఆ దృశ్యమును చూచి ముగ్ధుడనైతిని. సౌందర్యమును కాదనుట నావంటి సాహిత్యప్రియునికి తగదు. కాని ఆ సన్నదనమునకు మూల్యముగా బ్యాటరీని లోపల నుంచి మూసివేసిరను సంగతిని చప్పట్లు కొట్టినవారిలో ఎందరు గమనించిరి? మరుసటి యేట అదే సంస్థ అయిదు రేకుల తలగల స్క్రూలను తెచ్చినది, ఇంటిలో నున్న స్క్రూడ్రైవరు దానికి పట్టదు. 2012 నాటికి బ్యాటరీని జిగురుతో నంటించుట మొదలైనది. ఒకరు చేసిన దానిని తక్కినవారందఱు అనుసరించిరి; లోకమున సద్గుణము లంత శీఘ్రముగ వ్యాపింపవు. ఈ యంత్రములన్నిటికి ప్రాణమైన లిథియం అయాన్ బ్యాటరీని సోనీవారు మొట్టమొదట అంగడికి తెచ్చినది 1991లో. ఆ సంవత్సరముననే కువైట్ ఇరాకు చెరనుండి విడివడి, ఆరువందలకు పైగా మండుచున్న చమురుబావులను ఒక్కొక్కటిగా ఆర్పుకొని, నవంబరులో చివరిదానిని మూసినది. మండుచున్న బావికి మూత వేయుట తొమ్మిది మాసములలో ముగిసిన దేశమున, ఉబ్బిన బ్యాటరీకి మూత తీయుట అసాధ్యమగుట నాకు మింగుడుపడదు.

అసాధ్యమనరాదు. హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీథి యున్నంతవఱకు అసాధ్యమను మాట నేను వ్రాయరాదు. కంప్యూటర్ల అంగళ్ళతో నిండిన ఆ వీథికి, రాజవంశములు మూడు తరములకు మించి నిలువజాలవని సిద్ధాంతీకరించిన పదునాలుగవ శతాబ్దపు చరిత్రకారుని పేరు పెట్టినవా డెవడో గాని, వాడు లాప్‌టాప్‌ల భవిష్యత్తు నెఱిగిన ద్రష్ట. రాత్రి పది దాటినను అక్కడ దీపములు వెలుగుచుండును. ఈజిప్టువారు, సిరియావారు, బంగ్లాదేశీయులు, మలయాళీలు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకరి భాష ఒకరికి రాకున్నను, ఒకరి టంకపుకఱ్ఱను మఱియొకరు తీసికొని పనిచేయుచుందురు. ఇంతటి విశాలహృదయమైన విపణి మన నగరములలో లేదని ఒకసారి వ్రాయబోయి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు జ్ఞాపకమునకు వచ్చి కలము నాపుకొంటిని. అచ్చటి ఇఱుకు మెట్లపై, టీ గ్లాసు నొక చేతను పట్టుకొని మదర్‌బోర్డు రోగమును చెప్పగల కుఱ్ఱవాండ్రు ఇక్కడికి వచ్చినచో ఈ వీథి సగము మూతపడును. ఇది నా జన్మభూమి పక్షపాతమేమో, అయినను నిజము.

నేను పోవు అంగడిలో పనిచేయువాడు రాయచోటి ప్రాంతమువాడు. మా సీమవారు ఈ దేశమున లేని వీథి లేదు. వేసవి మొదట దుమ్ముగాలులు వీచి, ఆకాశము ఇటుకరంగునకు తిరిగి, కిటికీ సందులనుండి సన్నని మన్ను పఱుపులపైకి సైతము దిగినపిమ్మట, నేను నా యంత్రమును వానియొద్దకు గొనిపోవుట ఆచారము. వాడు అడుగుపలక స్క్రూలను విప్పి, ఫ్యాను రెక్కల నడుమ గడ్డకట్టిన ధూళిని కుంచెతో రాల్చి, చల్లదనమునకై పూసెడి లేపనమును మార్చి యిచ్చును. "ఇది సెప్పినట్ల ఇంటాది సార్. ఆ కొత్తవి ఉండాయి సూడు, వాటిని తెరవాలంటే ముందు వేడిగాలి కొట్టి జిగురు కరిగియ్యాల, ఆనక అల్లా మింద భారమెయ్యాల. పగిలితే ఎవురు కడ్తారు?" అని వాడు ఒకనాడు చెప్పిన మాటలు, ఈ విషయమున నేను విన్న అభిప్రాయములలో మిక్కిలి శాస్త్రీయమైనవి.

ఈ వాదమును ఇట్లే జయప్రదముగ ముగింపవలసినవాడను. కాని సాల్మియాలో ఉద్యోగము చేయు మా మేనల్లుడు గత శుక్రవారము భోజనమునకు వచ్చి, తన మాక్‌బుక్ ఎయిర్‌ను నా బల్లపై నుంచెను. అది 2020 చివర వెలువడిన ఎం1 రకము. ఉదయమునుండి పనిచేసినను వాని ఛార్జరు సంచిలోనుండి బయటికి రాలేదు. నేను దుమ్మును గూర్చి, ఫ్యానును గూర్చి నా యుపన్యాసమును ప్రారంభించితిని. వాడు అన్నము కలుపుకొనుచు, "మామా, దీనికి ఫ్యానే లేదు గదా, దుమ్ము యాడికి పోతాది?" అనెను. నేను ఆ యంత్రమును చెవియొద్ద పెట్టుకొని వింటిని. నిజముగ లోపల ఏ చప్పుడును లేదు. పైన చేయి వేసి చూడగా చల్లగనే యున్నది. సన్నగ, నిశ్శబ్దముగ, దోషమెంచుటకు సందీయక అది నా యెదుట మెఱయుచుండెను. "మఱి బ్యాటరీ?" అని యడిగితిని. "అది పొయ్యేలోపల నేను ఇంగోటి కొంటా" అని వాడు మజ్జిగ పోసికొనెను.

ఇంకొకటి కొందునను ఆ మాట మా యింట పూర్వము ఎవరి నోటను వినబడునది కాదు. మా నాయనకు ఒక ట్రాన్సిస్టరు రేడియో యుండెడిది. తోలు సంచితో, భుజమునకు తగిలించు పట్టీతో. కడప కేంద్రము కార్యక్రమములు సన్నగిలి, వార్తలు చదువువాని గొంతు నూతిలోనుండి వచ్చునట్లైనప్పుడు, మా అవ్వ వెనుకమూతను బొటనవ్రేలితో జరిపి, సెల్లులను వెలికి తీసి, మిద్దెపై పిట్టగోడ మీద ఎండలో వరుసగా పేర్చెడిది. ఒరుగులు ఒకవైపు, వడియములు ఒకవైపు, నడుమ సెల్లులు. కాకులు వడియముల జోలికే పోయెడివి. సాయంకాలమునకు ఆ వెచ్చనైన సెల్లులను మరల లోపల పెట్టగా, రేడియో మఱియొక రెండు దినములు పలికెడిది. ఎండకు లోపలి రసాయనము కొంత చలించి మిగిలిన శక్తిని విడిచెడిదని తరువాత చదివితిని. నాడు మాత్రము సూర్యుడే అందులోనికి దిగినాడని మా అవ్వ చెప్పగా నమ్మెడివారము. అవి పూర్తిగ చచ్చిన పిమ్మట పిల్లలమగు మాకు వచ్చెడివి. లోపలి నల్లని పొడిని తీసి పలకలకు పూసెడివారము, మధ్యనున్న బొగ్గుకడ్డీతో గోడపై గీతలు గీసి దెబ్బలు తినెడివారము. రాయచోటి యెండ బ్యాటరీకి ప్రాణము పోసినది. హవల్లీ యెండ ప్రాణము తీయుచున్నది. సూర్యుడొక్కడే గదా! కాని మా అవ్వ బొటనవ్రేలికి లొంగిన ఆ వెనుకమూత యేదీ?

మూత మాట మరల వచ్చినది. రానిండు.

2024 జూన్ మాసమున కువైట్‌లో ఎండలు ముదిరి, వాడుక పెరిగి, ఉత్పత్తి చాలక, విద్యుచ్ఛక్తి శాఖవారు కొన్ని ప్రాంతములకు గంట రెండు గంటల చొప్పున కోత విధించిరి. ఇది అప్పటికి ఈ దేశమునకు అలవాటు లేని వ్యవహారము. మా భవనమునందలి జనులు లిఫ్టులు నిలిచిపోగా మెట్లపై కూర్చుండి, లోకము తలక్రిందులైనట్లు మాటలాడుకొనుచుండిరి. సంక్రాంతికి కోత, పరీక్షలకు కోత, పెండ్లిలో తలంబ్రాలకు కోత ననుభవించిన మా సీమవాసులము మాత్రము చెక్కుచెదరలేదు. నేను వెలుపలి బ్యాటరీ తీసి, నిండుగ నున్న మఱియొకటి తగిలించి, విసనకఱ్ఱతో ఒక చేత విసరుకొనుచు నా వ్యాసమును ముగించుకొంటిని. ప్రక్కవాటాలోని మిత్రుని అతినూతన యంత్రము అంతకు ముందే సొమ్మసిల్లినది. అతడు చూచుచుండగా నేను ఆ గొళ్ళెములను అవసరమునకు మించి చప్పుడు చేయుచు మూసితిని.

పాతదానిని వాడుటకు వేఱు కారణములును కొన్ని కలవు గాని వానిని నేను త్వరగా దాటిపోవుదును. తెలుగు వ్రాయువానికి మీట లోతుగా దిగవలెను. ఒత్తులు, గుణింతములు, పొల్లులు అన్నియు వ్రేళ్ళపైననే నడచు మన లిపికి, పైపైన తాకిన చాలునను పలుచని కీబోర్డు చాలదు. ఆ విషయమున నాయొద్దనే యున్న 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్220కు, దాని ఏడు వరుసల మీటలకు సాటి వచ్చునది లేదు. మరుసటి యేటి ఎక్స్230లోనే ఆ మీటల రూపు మార్చివేసిరి. యూనికోడ్ వాడుక రాక మునుపు ‘అను’ ఫాంట్లలో కూర్చిన నా పాత వ్యాసములు కొన్ని, ఆనాటి సాఫ్ట్‌వేరు గల పాత యంత్రమునందు తప్ప మఱొకచోట దెఱచినచో పిచ్చి గుఱుతులుగా కనబడును. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆసరా నిలిపివేసిరి. విండోస్ 11 మా టి480ను అంగీకరించినది గాని ఎక్స్220ను గడప తొక్కనీయదు. దానికి లినక్స్ పెట్టించితిని. కంచుకాగడా వేసి వెదకినను దానికి వేఱు లోపము కనబడదు.

ఇంతకును నా కోపము అరణ్యరోదనము కాలేదు. ఐరోపా సమాఖ్యవారు 2023లో ఒక శాసనము చేసి, 2027 ఫిబ్రవరి 18 మొదలు అక్కడ అమ్మెడి పరికరములలోని చిన్న బ్యాటరీలను వాడుకొనువాడే తీసి మార్చుకొనుటకు వీలుండవలెనని నిర్ణయించిరి. జిగురు కరిగించుటకు వేడిగాలి అవసరమగునట్లు చేయరాదని కూడ అందు వ్రాసిరి. మా రాయచోటివాడు చెప్పిన మాటలే బ్రస్సెల్సులో శాసనమైనవి.

అంతవఱకు గడుపుకొనవలెను గనుక, ఈ వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పార్క్‌లేన్‌లో 72 వాట్-గంటల బ్యాటరీలు రెండు కొని తేవలెనని నిశ్చయించుకొంటిని. మా యింటియావిడ ఈ ప్రతిపాదనను తీవ్రముగ ప్రతిఘటించెను. సామానులో ప్రతి కిలోయును ఆవకాయకును, చింతపండునకును, ఉలవపిండికిని ఏనాడో కేటాయింపబడినదట. అప్పుడు నేను విమానయాన నిబంధనలను చదివి వినిపించితిని. విడి బ్యాటరీలను అడుగున వేయు సామానులో పెట్టరాదు, చేతిసంచిలోనే తీసికొనిపోవలెను. 100 వాట్-గంటలకు లోబడినచో ప్రత్యేకానుమతి యక్కఱలేదు. ఆవకాయ జాడీని చేతిసంచిలో రానీయరు, అడుగు సామానులోనే వేయవలెను. ఈ రెండింటికిని ఎచ్చటను తగవు లేదని ఆమెకు స్పష్టమైనపిమ్మట, నా చేతిసంచిలో ఇంకను చోటు మిగులునా యని యడిగి, అందులో జంతికలు సర్దవలెనని జాబితాలో చేర్చినది.