సముద్రం లేని ఊళ్ళో పోర్టాఫీసు

హైదరాబాదులో లేనిదేమిటని అడిగితే మా కాకినాడ వాళ్ళం ఠక్కున సముద్రం అంటాం. చార్మినారుంది, బిర్యానీ ఉంది, మాదాపూరు వైపు వెళితే తలెత్తి చూసేసరికి మెడ పట్టేసే అద్దాల మేడలున్నాయి. సాయంత్రంపూట కాస్త ఉప్పుగాలి పీల్చుకుందామంటే మాత్రం మూడొందల కిలోమీటర్లు పోవాలి. "హుస్సేన్‌సాగర్ ఉందిగా, పేరులోనే సాగరం" అంటారు మావారు. ఆయనది వరంగల్లు లెండి. చెరువుల సీమలో పుట్టిన మనిషితో సముద్రం గురించి వాదించి లాభం లేదు.

అలాంటిది, దేశం మొత్తానికి సముద్రం కబుర్లు చెప్పే ఆఫీసొకటి మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉందని, నిజాంపేట వచ్చిన చాన్నాళ్ళకి గాని నాకు తెలియలేదు. మా అబ్బాయి ఉద్యోగం హైటెక్ సిటీలో. అక్కడి అద్దెలు వింటేనే కళ్ళు తిరిగి, కాస్త ఇవతలగా ప్రగతినగర్ దాపున ఫ్లాటు తీసుకున్నాడు. మా కింది అంతస్తులో ఓ అమ్మాయి ఉంది. రాత్రి తొమ్మిదింటికి, అందరూ ఇళ్ళకు చేరే వేళకి, క్యారియరు పట్టుకుని బయల్దేరుతూ లిఫ్టులో కనబడేది. ఈ చుట్టుపక్కల రాత్రి ఉద్యోగమంటే అమెరికా వాళ్ళ పనే కదా. "నువ్వూ సాఫ్ట్‌వేరేనా అమ్మా?" అని అడిగాను.

"కాదాంటీ, సునామీ" అంది.

ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పగా తెలిసింది, ఇన్‌కాయిస్ అని కేంద్రప్రభుత్వం వారి సంస్థ, 1999లో పెట్టారట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన దగ్గర ముందుగా చెప్పే ఏర్పాటు లేకపోయింది. మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకని నీళ్ళలో దిగినవాళ్ళు అలాగే కొట్టుకుపోయారు. ఆ తరవాత 2007 అక్టోబరు నుంచి ఇక్కడ రాత్రీ పగలూ కాపలా. హిందూ మహాసముద్రంలో ఎక్కడ నేల కదిలినా పది నిమిషాల్లోపు మొదటి కబురు వెళ్ళాలి. సముద్రం అడుగున నీటి బరువు కొలిచే యంత్రాలున్నాయట. అల నిజంగా లేచిందా లేదా అని అవి చెబుతాయి. మన ఒక్క దేశానికే కాదు, ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు మనమూ ఈ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకి చెప్పాలట.

"మా అత్తగారికే అర్థం కాదాంటీ. దీపావళినాడు డ్యూటీకి వెళ్ళొస్తే, ఏం జరిగిందే రాత్రి అని అడుగుతారు. ఏమీ జరగలేదత్తయ్యా అంటే, ఏమీ జరగనిదానికి పండగపూట పోవడమెందుకూ అంటారు."

నాకు మాత్రం అర్థమైంది. ఎందుకంటే మా అమ్మ నాన్నగారితో సరిగ్గా ఇదే పేచీ పెట్టుకునేది.

నాన్నగారు కాకినాడ పోర్టాఫీసులో గుమాస్తా. పోర్టాఫీసంటే కస్టమ్సు వాళ్ళలాగా పెట్టెలు విప్పి చూసే చోటనుకుంటారు చాలామంది. కాదు. రేవుకి ఇల్లాలిలాంటి ఆఫీసు అది. ఏ స్టీమరు ఎక్కడ లంగరు వేయాలి, పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి, కాలువ మొగలో ఇసుక ఎంత మేట వేసింది, దారి చూపే దీపాలు వెలుగుతున్నాయా లేదా, మునిగిన పడవ దారికి అడ్డం పడి ఉందా, అన్నీ వాళ్ళే చూసుకోవాలి. 1908 నాటి రేవుల చట్టం ఈ అధికారాలన్నీ రాసిపెట్టింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చిందనుకోండి, పని మాత్రం అదే. మా కాకినాడలో ఇంకో చిక్కుండేది. ఒడ్డున లోతు తక్కువ గనక పెద్ద స్టీమర్లు దూరంగా ఆగిపోయేవి. సరుకంతా బార్జీల మీద చేరవెయ్యాలి. 1997లో లోతైన రేవు వచ్చేదాకా పెద్ద స్టీమర్ల సంగతి ఇంతే.

వీటన్నిటికంటే నాకు తెలిసింది జెండా కర్ర. జెండా అని పేరేగాని అక్కడ ఎగిరేవి గుడ్డలు కావు. పగలైతే నల్లరంగు పూసిన బుట్టల్లాంటివి, కొన్ని శంకువులా, కొన్ని డ్రమ్ములా. రాత్రయితే ఎర్రదీపాలు, తెల్లదీపాలు. 1898 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే పద్ధతి. "కాకినాడలో మూడో నంబరు ప్రమాద సూచిక" అని రేడియోలో వింటూ పెరిగాం కదా, ఆ మూడో నంబరు అంటే ఏమిటో మీలో ఎంతమందికి తెలుసు? ఒకటి అంటే ఎక్కడో దూరాన వాతావరణం బాగాలేదు, తుఫాను పుట్టొచ్చు. రెండంటే పుట్టేసింది. మూడూ నాలుగూ అయితే ముప్పు రేవుదాకా వచ్చింది. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదం. పరీక్షలో మార్కుల్లాగా ఐదుకంటే ఆరు ఎక్కువని అనుకుంటాం. కాదండీ. తుఫాను మన రేవుని ఎడమచేతి వైపు వదిలి పోతుందనుకుంటే ఐదు, కుడిచేతి వైపు వదిలితే ఆరు, నెత్తిమీదకే వస్తే ఏడు. తుఫానుకి కుడిపక్కన ఉన్న తీరానికే ఉప్పెన భయం ఎక్కువ. అందుకనే ఆ తేడా.

ఇక పదకొండోది. దానికి గాలితోనూ వానతోనూ సంబంధం లేదు. వాతావరణం వాళ్ళతో తంతి సంబంధాలు తెగిపోయాయని దానర్థం. చిన్నప్పుడు నాకు పదికంటే పదకొండంటేనే ఎక్కువ భయంగా ఉండేది.

1969 నవంబరు తుఫాను కాకినాడ దగ్గరే తీరం దాటింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్నగారు రెండు రాత్రులు ఇంటికి రాలేదు. ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని పందిరిమంచం కింద కూర్చోబెట్టి, "ఊరందరికీ జెండా ఎత్తే మనిషి! సొంత కొంపకి ఎత్తేవాడు లేడు" అని ఏడుపూ కోపమూ కలిపి అంది. ఆయన వచ్చాక మాత్రం ఏమీ అనకుండా వేణ్ణీళ్ళు తోడి పెట్టింది.

దుమ్ములపేట నుంచి మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ఒకావిడ ఉండేది. గంప దించగానే బేరం కంటే ముందు, "నాన్నగోరు ఏటన్నారు పాపగోరూ? ఇయ్యాల ఎన్నో నెంబరు?" అని అడిగేది. నాన్నగారు ఆఫీసుకి వెళుతూ అమ్మకి చెప్పి వెళ్ళేవారు, ఆవిడ కోసమే. మూడు దాటితే ఆవిడ అమ్మకం చాలించుకుని ఇంటికి పరుగు. వెళ్ళి ఏం చేసేదనుకున్నారు? మొగుడి చుట్టల పొత్తి తీసి గోంగూర మడిలో దాచేసేది. "సుట్ట లేందే సంద్రంలోకి దిగడమ్మా. ఎతుక్కునే లోపు తెల్లారిపోద్ది" అనేది. సర్కారు ఎగరేసిన నల్లబుట్టలు ఆ ఇంటికి చేరే దారి అది.

కానీ ఆ కర్రకి ఒక లోపం ఉంది. అది ఒడ్డున ఉన్నవాడికే కనబడుతుంది. ముందురోజే వేటకి పోయినవాడికి పది బుట్టలు కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుఫానులో వేటకి వెళ్ళిన జాలర్లు వందలమంది తిరిగి రాలేదు. అప్పటికి నాన్నగారు రిటైరయ్యారు. అయినా ఆవిడ అడగడం మానలేదు, ఆయన రేడియో విని చెప్పడం మానలేదు. ఆ పోయినవాళ్ళలో ఆవిడ పెద్దకొడుకు ఉన్నాడు. అమ్మ వారం రోజులు పేపరు నాన్నగారి కంటపడకుండా దాచింది. నెల దాటాక ఆవిడ గంపతో మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చింది. ఎన్నో నంబరని అడగలేదు. నాన్నగారు గదిలోంచి బయటికి రాలేదు.

ఈ సంగతి చెబితే కింది ఇంటి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఫోనులో ఓ బొమ్మ చూపించింది. జెమిని అని చిన్న పెట్టె, 2019లో విడుదల చేశారు. సెల్‌ఫోను సిగ్నలు ఒడ్డునుంచి పది పన్నెండు కిలోమీటర్ల దాకానే. అది దాటాక కూడా ఉపగ్రహం నుంచి హెచ్చరిక ఈ పెట్టెకి, పెట్టెనుంచి జాలరి ఫోనుకి వస్తుందట. అయితే ఇది వింటుందే గాని బదులు పలకదు. "నేను ఆపదలో ఉన్నాను" అని చెప్పాలంటే దీనితో కుదరదు. ఆ మాట కూడా దాచకుండా చెప్పింది పిల్ల. ఇవిగాక చేపలు ఎక్కడ దొరుకుతాయో కూడా వీళ్ళే చెబుతారట. నీటి వెచ్చదనాన్నీ పచ్చదనాన్నీ ఉపగ్రహం చూస్తుంది. ఫలానా తీరం నుంచి ఏ దిక్కుగా, ఎంత దూరం, ఎంత లోతు అని తెలుగులోనే కబురు వెళుతుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం కబురుండదు. మబ్బు వెనక ఉపగ్రహానికీ కళ్ళు కనబడవు కాబోలు.

కాకినాడలో నంబర్లు ఎగరేయడం మానలేదండోయ్. అదీ ఉంది, ఇదీ ఉంది.

పోయిన ఏడు మా తమ్ముడి మనవరాలి బారసాలకి వెళ్ళినప్పుడు ఉప్పాడ దాకా వెళ్ళొచ్చాం. అలలు రోడ్డుమీదకి ఎగిరి పడుతున్నాయి. ఒడ్డున ఓ ముప్పై ఏళ్ళావిడ చేపలు చీరుతోంది. పక్కన రాతిమీద పెట్టిన ఫోను, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుందనీ వేటకి వెళ్ళొద్దనీ తెలుగులో గట్టిగా చదువుతోంది. నాకు ఎంత సంతోషమేసిందో! "విన్నావా అమ్మాయ్?" అన్నాను.

"ఇన్నామమ్మా. డీజిలోడి అప్పు ఇంటాదా?" అంది తలెత్తకుండానే. ఒక్కరోజు పడవ కదలకపోతే ఆ రోజు రాబడి పోతుంది, అప్పు మాత్రం రోజుతో పాటు కదులుతూనే ఉంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అంతలో ఆవిడ మొగుడు కాబోలు, గుడిసె వెనకనుంచి వచ్చాడు. పడవలో చూశాడు, వలకింద చూశాడు. "ఇంజను తిప్పే హేండిలు ఏదే?" అన్నాడు.

"ఏమో. పిల్లలు తీసారేమో సూడు" అంది ఆవిడ. ఇంకో చేప అందుకుని, కళ్ళతోనే నాకు గుడిసెలో బియ్యం డబ్బా చూపించింది.