ఫెడోరాలో మన కర్మ

అప్‌డేట్ కొట్టగానే సౌండ్ పోయిందనో వైఫై పోయిందనో "ఎవడ్రా దీన్ని టెస్ట్ చేసింది?" అని తిట్టుకోవడం మనకి అలవాటే. ఫెడోరా విషయంలో జవాబు ఒక్కోసారి "ఎవరూ చెయ్యలేదు" అనే.

కొత్త వెర్షను ముందు అప్‌డేట్స్-టెస్టింగ్ అనే రిపోజిటరీలోకి వస్తుంది. బోధి అనే సైట్లో లాగినయ్యి దానికి ప్లస్ వన్నో మైనస్ వన్నో వెయ్యొచ్చు. ఆ మార్కుల పేరు కర్మ! (పేరు పెట్టినవాడెవడో గానీ దణ్ణం పెట్టాలి.) మామూలుగా మూడు ప్లస్‌లు పడితే స్టేబుల్‌లోకి పోతుంది. ఎవరూ పలక్కపోయినా వారం గడిచాక మెయింటెయినర్ తోసెయ్యొచ్చు. అదీ సంగతి.

"టెస్టింగ్ రిపో ఆన్ చేస్తే మెషీన్ మొత్తం పోతుంది, ఆఫీసు పని ఎవడు చేస్తాడు?" అంటారు. నిజమే, కానీ మొత్తం ఆన్ చెయ్యక్కర్లేదండీ. బోధిలో ప్రతి అప్‌డేట్ పేజీలోనూ అదొక్కటే ఇన్‌స్టాల్ చేసే డీఎన్ఎఫ్ కమాండ్ ఉంటుంది, కాపీ చేసి టెర్మినల్లో పడెయ్యడమే. బాలేకపోతే 'డీఎన్ఎఫ్ హిస్టరీ అండూ'. కెర్నల్ అయితే గ్రబ్ మెనూలో పాతది ఎలాగూ ఉంటుంది. డేటాబేసుల్లాంటివి మాత్రం వర్చువల్ మెషీన్లోనే చూడండి, ఫైల్ ఫార్మాట్ మారిపోతే అండూ ఏమీ చెయ్యలేదు. ఇక ఫెడోరా-ఈజీ-కర్మ అని ఓ బుల్లి ప్రోగ్రాముంది. మీ మెషీన్లో ఉన్న టెస్టింగ్ ప్యాకేజీలేవో అదే వెతికి, ఒక్కోదానికీ కర్మ ఎంతో అడుగుతుంది. ఒక్కోదానికీ బ్రౌజర్లో పేజీ తెరిచే పని కూడా లేదు.

నా గోలంతా ఫాంట్ల గురించి. హార్ఫ్‌బజ్‌కో తెలుగు ఫాంటుకో అప్‌డేట్ వస్తే, "జ్యోత్స్న"లో వత్తులు సరిగ్గా పడ్డాయా, "సాఫ్ట్‌వేర్"లో ట కింద వ వత్తు వచ్చి కూర్చుందా అనేది తెలుగు రానివాడు చూసి చెప్పలేడు. మనకి రెండు నిమిషాల పని.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ ఎలా బయటపడిందో గుర్తుందిగా? డెబియన్ అన్‌స్టేబుల్‌లో ఎస్సెస్సెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వడం వల్ల. డెబియన్ స్టేబుల్‌లోకి అది చేరకముందే దొరికింది.

చూడకుండా ప్లస్ వన్ కొట్టడం మాత్రం వద్దు, అసలు కొట్టకపోవడం కన్నా అది చెడ్డది. మైనస్ వేస్తే ఏం చేస్తే ఏమైందో ఒక్క లైను రాయండి, "పనిచెయ్యట్లేదు" అంటే మెయింటెయినర్‌కి ఒరిగేదేం లేదు.