అరువదియాఱు అక్షరములు

శ్మశానమను మాట వినబడినంతనే మన యిండ్లలో పెద్దలు "శివశివా" యని పిల్లల నావలకు పంపుదురు. స్త్రీలు అచ్చటికి పోరాదనుట మనలో పలుకుటుంబములందు నేటికిని ఆచారముగనే యున్నది. అట్టిచోటికి పిల్లలను తీసికొనిపోయి ఆట యాడించితిమని వ్రాసినచో సోదరీమణులు కొందఱు కనుబొమలు ముడుతురేమో! కాని యిది పరుగులాట కాదు. పొడుపుకథలు విప్పుకొనుచు రాళ్ళను చదువు ఆట. అందు దొరకిన నిధి యెట్టిదో చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

లండను నగరమునకు నైరృతిదిశగా సుమారు 28 మైళ్ళ దూరమున బ్రూక్‌వుడ్ అను శ్మశానభూమి కలదు. నగరములో మృతులను పాతిపెట్టుటకు చోటు చాలక 1854లో ఒక కంపెనీవారు దీనిని తెఱచిరి. వాటర్లూ ప్రక్కనుండి దీనికై ప్రత్యేకముగ రైలు నడిపిరి. అందు బ్రదికినవారికివలెనే చనిపోయినవారికిని మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి యుండెను! బంధువులకు రానుపోను టిక్కెట్టు. శవపేటికకు పోవు టిక్కెట్టు మాత్రమే. 1941లో బాంబులు పడి లండనులోని ఆ స్టేషను పాడగువఱకు ఈ యేర్పాటు సాగినది. మన దేశపు జంషెడ్జీ టాటాగారి సమాధియు ఇక్కడనే యున్నది.

1917లో ఈ భూమిలో ఒక భాగమును యుద్ధమృతులకై వేఱుచేసిరి. నేడది 37 ఎకరముల తోట. మొదటి మహాయుద్ధమువారివి 1,600కు పైగాను, రెండవ మహాయుద్ధమువారివి 3,400కు పైగాను సమాధు లందు కలవు. మేము చూచినది ఈ భాగమునే.

మా తమ్ముని కుటుంబము లండనుకు దాపున నివసించుచున్నది. మా అమ్మగారిని వెంటబెట్టుకొని మేము వారింటికి పోయియుండగా, మా మరదలు పిల్లల కొఱకు పొడుపుకథలు కట్టి ఒక కాగితముపై వ్రాసినది. ఒక్కొక్కదాని విడుపు ఏదో యొక రాతిపై నుండును. అమ్మగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "చచ్చినవారి నెత్తిమీద ఆటలేమే?" అని కోడలిని మందలించి, స్నానమునకు నీళ్ళు సిద్ధముగ నుంచవలెనని కట్టడిచేసి, పిల్లలను విడిచియుండలేక తానును బయలుదేఱెను.

మొదటి పొడుపుకథ యిది: "చెట్టు లేని ఆకు, గాలి కూగని ఆకు, మంచుకాలమున రాలని ఆకు." మా మేనకోడలు కెనడా సైనికుల వరుసలో దాని విడుపు కనిపెట్టెను. వారి రాళ్ళపై మేపులు ఆకు చెక్కబడి యుండును. రెండవది: "దొర పడకకును బంటు పడకకును ఒక్కటే కొలత." పిల్లలు కొలబద్ద తీసికొని కొలువసాగిరి. ఎత్తు రెండడుగుల ఎనిమిదంగుళములు, వెడల్పు అడుగు మూడంగుళములు. ఏ రాతి కడకు పోయినను అదే కొలత, అదే వంపు. పైన పటాలపు ముద్ర, దానిక్రింద సంఖ్య, హోదా, పేరు, చనిపోయిన దినము, వయస్సు, మతచిహ్నము.

ఈ సమానత తేలికగ కుదిరినది కాదు. 1917లో ఏర్పడిన సమాధుల కమీషనువారికి 1918లో కెన్యన్ అను పెద్దమనిషి నివేదిక వ్రాసి యిచ్చెను. అధికారియైనను సామాన్యుడైనను రాయి ఒక్క తీరుననే యుండవలెనని అందలి మాట. పరదేశమున మరణించినవారిని ఇంటికి తేగూడదనియు అంతకుముందే నిశ్చయమైనది. తల్లుల గుండెలు భగ్గుమన్నవి. ఎక్సిటరు బిషపుగారి భార్య ఫ్లారెన్సు సెసిలు దొరసాని యుద్ధములో ముగ్గురు కుమారులను పోగొట్టుకొన్న తల్లి. ఆమె 1919లో 8,000 సంతకములతో యువరాజుగారికి మహజరు పంపెను. పలక కాదు, మా బిడ్డలకు శిలువ యిండని వారి కోరిక. 1920 మే నెలలో పార్లమెంటులో వాదోపవాదములు జరిగి తుదకు కమీషనువారి పక్షమే నిలిచెను.

ఎవరిది న్యాయము? తరగతుల రైలులో శవములను మోసిన ఆ నేలయందే దొరను బంటును ప్రక్కప్రక్కన ఒక్క కొలతలో పరుండజేయుట గొప్ప పనియే యని మా యభిప్రాయము. అయినను కన్నకొడుకు రాయి యెట్లుండవలెనో చెప్పు స్వతంత్రము తల్లికి లేకపోవుట తలచినపుడు మా మనస్సు దొరసానివైపే మొగ్గుచున్నది. ఈ రెండును మా కొకేసారి నిజముగ తోచుచున్నవి.

కమీషనువారు తల్లులకు విడిచినది రాతి అడుగున ఒక చిన్న చోటు. అక్కడ కుటుంబమువారు తమకు తోచిన మాట చెక్కించుకొనవచ్చును. మొదటి యుద్ధమప్పుడు దానికి హద్దు 66 అక్షరములు; మాటలనడుమ ఖాళీలును అందే లెక్క. అక్షరమునకు మూడున్నర పెన్నీలు అడిగిరి. 66 అక్షరములును వాడుకొన్నచో పౌనుకు కొంచెము తక్కువ. తరువాత ఇయ్యగలిగినవారే ఇయ్యవచ్చుననిరి. కెనడా ప్రభుత్వము తనవారి సొమ్ము తానే చెల్లించెను. న్యూజిలాండు ప్రభుత్వము తనవారి కా మాట వ్రాసికొనుటకే యొప్పుకొనలేదు. బిడ్డనిచ్చిన తల్లిని అక్షరమునకింత యని వెల యడుగుటకు నోరెట్లు వచ్చినదో!

మా మరదలి కడపటి పొడుపుకథ ఈ చోటినిగూర్చినదే: "పైన సర్కారు పలుకు, క్రింద అమ్మ పలుకు, అమ్మ పలుకు లెన్ని?" పిల్లలు మోకాళ్ళపై కూర్చుండి, గడ్డి ప్రక్కకు తొలగించి, వ్రేళ్ళతో అక్షరములు లెక్కించిరి. కొందఱు మతగ్రంథమునుండి మాట తీసికొనిరి. కొందఱు ఇంటిలో పిలుచుకొను ముద్దుపేరు వ్రాయించిరి. పిల్లవాడు ఒక రాతికడ నిలిచి, "ఇది తప్పు రాయి, అడుగున ఏమియు లేదు" అని కేకవేసెను. డబ్బు లేకపోయి యుండవచ్చును, ఇల్లు మాఱి యుత్తరము చేరకపోయి యుండవచ్చును, మాట రాకపోయి యుండవచ్చును అని వాని తల్లి చెప్పెను. అంతవఱకు బల్లపై దూరముగ కూర్చున్న అమ్మగారు లేచివచ్చి ఆ రాతియొద్ద నిలిచిరి. ఆ పిమ్మట ప్రతి రాతి క్రిందిమాటను తెలుగులో చెప్పించుకొనుచు మాతోడనే నడచిరి.

"పేరున్నది, పడక లేదు" అనుదానికి విడుపు సమాధి తెలియని వారి పేర్లు చెక్కిన వలయాకారపు కట్టడము. అందు వయొలెట్ సాబో అను యువతి పేరు కలదు. భర్త 1942లో యుద్ధమున పోగా ఆమె రహస్యోద్యోగమున ఫ్రాన్సు దేశమున దిగి, శత్రువులకు చిక్కి, 1945లో రావెన్స్‌బ్రుక్ నిర్బంధశిబిరమున చంపబడెను. ఆమెకు వచ్చిన పతకమును 1947లో నాలుగేండ్ల కూతురు రాజుగారి చేతినుండి అందుకొన్నది.

"మనవా రెక్కడ?" అని పిల్లవా డడిగెను. మన దేశపు ముస్లిము సైనికులను మొదట సమీపమున వోకింగులో పాతిపెట్టిరి. 1968లో వారిని ఇక్కడకు మార్చిరి. హిందువులను, సిక్కులను బ్రైటన్ పట్టణము దాపున కొండపై దహనము చేసిరి. ఆ చోట 1921లో పాలరాతి ఛత్రి వెలసినది గాని, అందు కాల్చబడిన 53 మంది పేర్లు రాతిపై కెక్కినది 2010లో. "కాల్చినవారికి రా యక్కఱలేదు, తలచుకొన్న చాలును. కాని పేరు తెలియక ఎట్లు తలచుదురు?" అని అమ్మగా రనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆ రాత్రి పిల్లలు తెలుగులో 66 అక్షరముల మాట కట్టబోయి, ఒత్తును వేఱక్షరముగ లెక్కింపవలెనా యని తగవులాడిరి. తగవు తీర్చుట మాకు చేతకాలేదు.

ఇట్టి ఆట ఆడింపగోరు సోదరీమణులకు చెన్నపట్టణము చాలును. నందంబాకములో 1952లో ఏర్పడిన యుద్ధశ్మశానమున రెండవ యుద్ధమువారి సమాధులు 856 కలవు. దక్షిణమునను తూర్పునను చెదరియున్నవానిని తెచ్చి యచ్చట చేర్చిరి. వెనుకవైపు మొదటి యుద్ధమువారి పేర్లు వేయికి పైగా చెక్కబడియున్నవి. పొడుపుకథలు ముందుగ మీరే పోయి, రాళ్ళు చూచి కట్టుకొనవలెను. ఎండ యెక్కకమునుపే పొండు. పిల్లలకు పెన్సిలు, కాగితము ఇండు. పూలపాదులు త్రొక్కవద్దనియు, రాళ్ళ కానుకొని కూర్చుండవద్దనియు ముందే చెప్పి తీసికొనిపొండు. ఇంట పెద్దవా రెవరైన వద్దన్నచో, వారినిగూడ వెంటబెట్టుకొని పొండు.