కరెంటు పెట్టుట

గత సంవత్సరము మా యింట కలిగిన యొక సందిగ్ధమును మన పాఠశాల పిల్లలకును, వారి తల్లిదండ్రులకును చెప్పవలెనని తోచినది. వ్యాకరణ పాఠము కాదు గనుక పిల్లలు భయపడ నక్కరలేదు.

మా తల్లిగారికి 68 ఏండ్లు. మధురలో నివాసము. మన యిండ్ల పెద్దలవలెనే ఆమెకును మాట తెలుగు, చదువు అరవము. రొమ్ములో చిన్న గడ్డ కనబడగా కోయంబత్తూరునకు తీసికొనివచ్చి శస్త్రచికిత్స చేయించితిమి. గడ్డను మాత్రమే తీసి రొమ్మును నిలిపిరి. చంకలోని గ్రంథులకు వ్యాధి ప్రాకలేదు. ఇక మిగిలినది రేడియేషను. ఇచట ఆ చికిత్సను అందరును "కరెంటు పెట్టుట" యందురు. ఆ మాట వినినంతనే మా తల్లిగారు, "ఒళ్లు కాలిపోతుంది, నాకొద్దురా నాయనా" అనిరి.

మేము తిరుపతిలో పండిత శిక్షణ పొందినవారము గదా! "అది కరెంటు కాదమ్మా, కిరణ చికిత్స" యని బోధింప బూనితిమి. ఆమె మా మొగము చూచి యూరకుండిరి. అప్పుడు పదవ తరగతి చదువు మా కుమార్తె, "అవ్వా, ఎక్స్‌రే తీసినప్పుడు చుర్రుమన్నదా? ఇదీ అట్లాంటిదే, బలం జాస్తి" అన్నది. అవ్వకు వెంటనే బోధపడినది. మా పాండిత్యము అంతటితో సరి.

అయితే చిక్కు భయముతో తీరలేదు. ఈ వయసున, ఇంత చిన్న గడ్డకు, రేడియేషను మానినను తప్పులేదని వైద్యుడే చెప్పెను. 65 ఏండ్లు, అంతకు మించిన 1,326 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవట. అందరును హార్మోనును అణచు మాత్రలు వాడినవారే. పదేండ్లలో రేడియేషను లేనివారిలో నూటికి 9 లేక 10 మందికి ఆ రొమ్ముననే వ్యాధి తిరిగి వచ్చెను. చేయించుకొన్నవారిలో ఇంచుమించు ఒక్కరికే. కాని బ్రదికియున్నవారి సంఖ్య రెండు పక్షములందును ఒక్కటే: నూటికి దాదాపు 81.

మేము మానుటకే మొగ్గితిమి. ప్రాణమునకు భేదము లేనప్పుడు ముసలితనమున ఈ శ్రమ యెందుకని వాదించితిమి. దాచనేల? 15 దినములు వరుసగా ఆసుపత్రికి పోవలెను. అర్ధసంవత్సర పరీక్షలు సమీపించినవి. మా సెలవులు అయిపోయినవి. మా సౌకర్యమే వివేకమువలె మాటలాడుచుండెను.

మా తల్లిగారు రెండు దినములు ఏమియు అనలేదు. మూడవనాడు, "మాత్ర అయిదేండ్లు మానకుండా మింగాలన్నాడే డాక్టరు? బీపీ మాత్రే వారానికి రెండు నాళ్లు మరిచిపోతాను. ఆ తొమ్మిదిమందిలో నేనుంటే మళ్లీ కోత పడాల్సిందే. కోత నాకొద్దు. ఆ కరెంటే పెట్టించు" అనిరి. లెక్క మేము చదివితిమి. అర్థము ఆమె చెప్పిరి.

తన చెల్లెలు కేన్సరుతో మరణింపగా ఆ దుఃఖమును మరువలేక డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1954లో మద్రాసు అడయారున కేన్సరు సంస్థను నెలకొల్పిరి. ఆ కాలమున ఇట్టి చికిత్సకు మనవారు మద్రాసు ప్రయాణము కట్టవలసియుండెను. ఇప్పుడు మన యూరనే యంత్రములు కలవు. బల్లపై పండుకొనుట కొన్ని నిమిషముల పని. తక్కిన కాలమంతయు వరుసలో నిరీక్షణమే. రెండవ వారమునుండి అలసట హెచ్చినది. చివరకు చర్మము కమిలి నల్లబడెను; కొన్ని వారములకు మామూలయ్యెను. మాత్ర నిచ్చు పని మా కుమార్తె తనపై వేసికొన్నది.

ఆ 15 దినములును అర్ధసంవత్సర పరీక్షా పత్రములను మేము ఆసుపత్రి వరండాలోనే దిద్దితిమి. ఏ పత్రముపైనైన ఎఱ్ఱసిరా ఒలికియుండిన, పేరు పిలిచినప్పుడు మేము త్వరపడి లేచితిమని ఆ పిల్లలు తెలిసికొందురు గాక.