మా నాన్న ఆర్వీ

అమెరికాలో రిటైరైన వాళ్ళు ఆర్వీ కొనుక్కుని దేశమంతా తిరుగుతారని ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన కొలీగ్స్ తెగ చెప్తుంటారు. హన్మకొండలో రిటైరైన మా నాన్నకి ఆర్వీ అంటే ఆర్టీసీనే :)

పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద వాకింగ్, తర్వాత బస్టాండు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక, ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ అక్కడికి లాక్కెళ్తాడు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ కదా... అమ్మది జీరో టికెట్, ఈయనది పైసల టికెట్. సీనియర్ సిటిజన్ల రైలు రాయితీ 2020 మార్చిలో ఆపేసినా, కాజీపేటలో రైలెక్కడం మాత్రం ఆపలేదు.

"నా దగ్గరకొచ్చి ఉండండి" అంటే, "వచ్చి ఏంజెయ్యాల్రా? లిఫ్టెక్కుడు, దిగుడేనా?" అంటాడు. నిజమే, హైదరాబాదులో నా పక్క ఫ్లాట్ ఆయన పేరు నాకే తెలీదు. నాన్నకేమో కండక్టర్ల పిల్లల చదువులు కూడా తెలుసు. తెచ్చి పద్నాలుగో ఫ్లోర్లో కూర్చోబెడితే నాకు నిశ్చింతే... మరి వాళ్ళకో? మీ ఇళ్ళల్లో ఏం చేశారు?